విశ్వాసం ఎవరికి, ఎవరి మీద?

కామర్సు చదివే మా విద్యార్థులకు హాథార్న్ కథ కంఠతా వచ్చు. వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరిగింది, తగ్గిస్తే అప్పుడూ పెరిగింది, కనుక మనిషి డబ్బు కోసం కాదు, ఆదరణ కోసం పనిచేస్తాడు. పరీక్షలో ఇది ఖాయమైన ప్రశ్న. మార్కులు కూడా ఖాయం. ఈ మూడు ముక్కల మీద ఒక శాస్త్రమే లేచింది. పైఅధికారికీ కింది జట్టుకూ మధ్య పరస్పర విశ్వాసం ఉంటే పనీ సాగుతుంది, పనివాడి యోగక్షేమాలూ బాగుంటాయి అన్నది దాని సారం.

ఈ సారాన్ని కాదనే మూర్ఖుడెవడూ ఉండడు. అనుమానపు చూపుల కింద పనిచెయ్యడం ఎవరికీ సుఖం కాదు, ఆరోగ్యమూ కాదు. అందుచేత నా పేచీ దానితో కాదు. ఆ విశ్వాసం ఎక్కడ పుట్టింది, ఎందువల్ల పుట్టింది అనే విషయంలో హాథార్న్ గ్రంథం తన కథను తానే తప్పుగా చదువుకున్నదని నా ఆరోపణ. తప్పుగా చదివిన పాఠాన్నే మనం పిల్లల చేత వల్లె వేయిస్తున్నాము.

నేను గ్రంథమంటున్నది 1939లో వెలువడిన "మేనేజ్‌మెంట్ అండ్ ది వర్కర్". ఆరువందల పేజీలు దాటిన పుస్తకం. రాసినవారిలో రోత్లిస్‌బర్గర్ హార్వర్డు వాడు, డిక్సన్ ఆ కంపెనీ ఉద్యోగి. ఈ ప్రయోగాలకు ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చినవాడు మాత్రం ఎల్టన్ మేయో. ఆస్ట్రేలియాలో పుట్టి, 1926లో హార్వర్డు వాణిజ్య కళాశాలలో చేరి, 1928లో హాథార్న్‌లో అడుగుపెట్టి, 1933లోనే తన పుస్తకం అచ్చువేశాడు. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఒకరిని చూసి ఒకరు రాస్తారు గనక మూలం తెరిచే అలవాటు పోయింది. తెరిస్తే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. రోత్లిస్‌బర్గర్, డిక్సన్‌లు నిజాయితీపరులు. తమ తీర్మానాలకు అడ్డుతగిలే వివరాలను కూడా దాచలేదు. రాశారు, రాసి వాటిని దాటుకుని వెళ్ళిపోయారు. వారు దాటిపోయిన చోట కాస్సేపు ఆగడమే ఈ వ్యాసం పని.

చికాగో పక్కన సిసెరో అనే ఊళ్ళో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి కర్మాగారం హాథార్న్. అమెరికా టెలిఫోన్లకు కావలసిన సామగ్రి తయారుచేసేది. 1929 నాటికి అక్కడ సుమారు 40 వేలమంది పనిచేస్తూండేవారు. 1924 నుంచి 1927 దాకా వెలుతురుతో ప్రయోగాలు జరిగాయి. ఒక దశలో ఇద్దరు యువతులకు వెన్నెలపాటి వెలుతురు మాత్రమే ఇచ్చినా వాళ్ళ పని తగ్గలేదు. వెలుతురుకు ఉన్న ప్రభావం ఎంతో తేలలేదు. కథలో ఇది పీఠిక మాత్రమే. అసలు కథ 1927 ఏప్రిల్లో మొదలైంది.

ఐదుగురు యువతులను పెద్ద హాలులోంచి తీసి చిన్న గదిలో కూర్చోబెట్టారు. భాగాలు అందించడానికి ఆరో అమ్మాయి. వాళ్ళ పని "రిలే" అనే టెలిఫోను పరికరాన్ని కూర్చడం. అందులో 35 దాకా చిన్న భాగాలుంటాయి. ఒక్కొక్కదానికీ సుమారు నిమిషం పడుతుంది. అదే పని పొద్దున్నించి సాయంత్రం దాకా. గదిలో ఫోర్మన్ లేడు. ఒక పరిశీలకుడు లెక్కలు రాసుకుంటూ, స్నేహంగా మాట్లాడుతూ కూర్చునేవాడు. మధ్యలో విశ్రాంతి ఇచ్చారు, ఫలహారం పెట్టారు, ఒక దశలో అరగంట ముందుగా ఇంటికి పంపారు, ఇంకొక దశలో శనివారం సెలవిచ్చారు. ఉత్పత్తి పెరుగుతూ పోయింది. 1928 సెప్టెంబరులో ఈ సదుపాయాలన్నీ తీసేసి మళ్ళీ పాత 48 గంటల వారానికి తీసుకువెళ్ళినా వారం మొత్తం ఉత్పత్తి పడిపోలేదు. ప్రపంచమంతా మారుమోగిన అద్భుతం ఇదే. (గంటకు లెక్కవేస్తే తగ్గింది. వారంలో గంటలు పెరిగాయి గనక మొత్తం పెరిగింది. ఈ చిన్న లెక్క పుస్తకంలో ఉంది, పాఠ్యపుస్తకాలలో ఉండదు.)

అద్భుతానికి వివరణ ఏమిటి? ఆ అమ్మాయిలను మనుషులుగా చూశారు, వాళ్ళను సంప్రదించారు, భయం పోయింది, విశ్వాసం కుదిరింది, జట్టు ఏర్పడింది అని. ఇందులో అబద్ధం లేదు. వాళ్ళు పనిచేస్తూ కబుర్లు చెప్పుకునేవారు, పని తరువాత కూడా కలుసుకునేవారు. నెత్తిమీద మేస్త్రీ లేకపోవడమే హాయిగా ఉందని వాళ్ళే చెప్పారు. ఈ హాయి బూటకమని నేననను. నిమిషానికొక రిలే చొప్పున ఏళ్ళతరబడి కూర్చే మనిషికి, పక్కనున్న మనిషితో మాట్లాడే స్వేచ్ఛ ఎంత పెద్దదో ఆ పని చెయ్యనివాడికి అర్థం కాదు.

అయితే పుస్తకంలో మరి రెండు విషయాలున్నాయి.

మొదటిది కూలి. పెద్ద హాలులో ఉన్నప్పుడు వందమందికి పైగా ఉన్న గుంపు ఉత్పత్తినిబట్టి వీళ్ళకు కూలి వచ్చేది. ఒకరు రెక్కలు ముక్కలు చేసుకున్నా ఆ కష్టం వందమందిలో కలిసిపోయేది. చిన్న గదిలోకి వచ్చాక ఐదుగురి ఉత్పత్తినిబట్టి ఐదుగురికే కూలి. కష్టానికీ ఫలితానికీ మధ్య దూరం తగ్గింది. ఇది తమ ప్రయోగానికి అడ్డమని పరిశోధకులకు కూడా తోచింది. అందుకని వేరే ఐదుగురిని తీసుకుని, వాళ్ళ చోటు మార్చకుండా, మర్యాదలేమీ చెయ్యకుండా, కూలి లెక్క ఒక్కటే ఇలా మార్చి చూశారు. ఉత్పత్తి వెంటనే సుమారు 13 శాతం పెరిగింది. హాలులో మిగిలినవాళ్ళు గొడవపెట్టగా కొద్ది వారాలలోనే ఆ ఏర్పాటు రద్దుచేశారు. ఉత్పత్తి మళ్ళీ పడిపోయింది. ఇంత స్పష్టమైన జవాబు ఏ ప్రయోగంలోనూ రాదు. అయినా గ్రంథకర్తలు డబ్బు ఒక్కటే కారణమని చెప్పలేమని, దాన్ని మిగతా మానవ సంబంధాలలో కలిపివేసి ముందుకు సాగారు.

రెండోది ఇంకా ముఖ్యం. 1928 జనవరిలో ఆ ఐదుగురిలో ఇద్దరిని గదిలోంచి తీసివేశారు. వాళ్ళ నేరం మాట్లాడటం. కబుర్లు ఎక్కువయ్యాయి, చెప్పినా తగ్గించలేదు, సహకరించే ధోరణి లేదు అన్నారు. వాళ్ళ స్థానంలో చురుకైన, అనుభవం గల ఇద్దరిని తెచ్చారు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒకామెకు ఇంటి భారం మీదపడి ఉంది, డబ్బు అవసరం ఎక్కువ. ఆమె వచ్చీరాగానే ఉత్పత్తి లేచింది. తక్కినవాళ్ళను హెచ్చరిస్తూ జట్టుకు పెద్ద కూడా ఆమే అయింది. ఆ తరువాత వికసించిన "విశ్వాసం" అంతా ఈ మార్పు జరిగాక వికసించినదే. 1967లో అలెక్స్ కేరీ అనే ఆస్ట్రేలియా పండితుడు ఒక అమెరికన్ సామాజిక శాస్త్ర పత్రికలో ఈ సంగతులన్నీ వరసపెట్టి బయటపెట్టాడు. కేరీ వ్యాసం వచ్చి అరవై ఏళ్ళు కావస్తున్నది. పాఠ్యపుస్తకాలకు ఆ కబురు ఇంకా చేరలేదు.

ఆ ఇద్దరు అమ్మాయిల గురించి ఆలోచించాలి. ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకోవచ్చన్న గదిలోంచి, మాట్లాడినందుకు వాళ్ళు వెళ్ళిపోయారు. గదిలో మిగిలిన ముగ్గురికీ ఇది ఏం నేర్పి ఉంటుంది? ఈ గదిలో మనల్ని నమ్ముతారు, ఆ నమ్మకానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు మనం గీసింది కాదు అని. స్నేహంగా మాట్లాడే పరిశీలకుడి చేతిలోనే లెక్కల పుస్తకమూ ఉంది.

తరువాత కంపెనీ మరో పెద్ద పని తలపెట్టింది. 1928 నుంచి 1930 లోపల సుమారు 21 వేలమంది పనివాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని కష్టసుఖాలు అడిగింది. అడిగేవారికి శిక్షణ ఇచ్చారు: వాదించవద్దు, సలహా చెప్పవద్దు, మధ్యలో అడ్డు రావద్దు, వినండి. ఇది చదువుతూంటే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. మన దేశంలో ఏ యాజమాన్యం 21 వేలమంది మాట అడ్డు చెప్పకుండా విన్నది? విన్నదాన్ని ఏం చేశారన్నదే ప్రశ్న.

గ్రంథంలో ఒక పనివాడి ఉదాహరణ ఇచ్చారు. కూలి రేటు చాలటంలేదని అతని ఫిర్యాదు. లోతుగా మాట్లాడించగా, అతని భార్య ఆసుపత్రిలో ఉండి వచ్చిందనీ, డాక్టరు బిల్లుల గురించి అతను బెంగపడుతున్నాడనీ తెలిసింది. కనుక, అంటారు గ్రంథకర్తలు, అతని ఫిర్యాదుకు పైకి కనిపించే అర్థం వేరు, లోపలి అర్థం వేరు. పైకి కూలి, లోపల ఇంటి దిగులు. ఫిర్యాదును వాస్తవంగా కాక రోగలక్షణంగా చదవాలి.

ఈ ఒక్క ఉదాహరణలో మొత్తం శాస్త్రం బయటపడింది. డాక్టరు బిల్లు దేనితో కడతారు? కూలితోనే గదా! భార్య జబ్బు ఆ మనిషి ఫిర్యాదును అబద్ధం చెయ్యలేదు, నిజం చేసింది. నిన్నటిదాకా చాలీచాలకుండా గడిచిన కూలి ఇవాళ చాలడం లేదని అతను గ్రహించాడు, గ్రహించి చెప్పాడు. వినేవాడు అంతా ఓపికగా విని, సానుభూతితో తల ఊపి, కూలి అనే మాటను తుడిచివేసి దిగులు అని రాసుకున్నాడు. వినడం వేరు, మాట పట్టించుకోవడం వేరు. మన ఊళ్ళలో భూస్వాములు కూడా అరుగుమీద కూర్చుని పాలేరు కష్టసుఖాలు గంటలతరబడి విన్నవాళ్ళే. కొలిచే గింజల లెక్క మాత్రం మారేది కాదు.

విని ఊరుకునే ఈ పద్ధతిని కంపెనీ శాశ్వతం కూడా చేసింది. అమెరికాలో కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కును గట్టిపరిచిన వాగ్నర్ చట్టం 1935లో వచ్చింది. 1936లో హాథార్న్‌లో సలహాదారుల వ్యవస్థ మొదలైంది. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. ఆ సలహాదారులు పనిస్థలాలలో తిరుగుతూ కష్టాలు వినేవారు. ఏ కష్టాన్నీ తీర్చే అధికారం వారికి లేదు. అది 1956 దాకా నడిచింది. మేయో పుస్తకంలోనైతే యూనియను అనే మాటకు దాదాపు చోటే లేదు. పనివాళ్ళకు తమ సొంత సంస్థ ఒకటి ఉండవచ్చునన్న ఊహ ఆయన మనస్సుకు తగలలేదు.

ఇక మూడో గదిలోకి వద్దాం. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పాఠ్యపుస్తకాలు అన్నిటికన్నా తొందరగా దాటిపోయేదీ ఇదే.

1931 నవంబరు నుంచి 1932 మే వరకు 14 మంది మగవాళ్ళను ఒక గదిలో పెట్టి గమనించారు. టెలిఫోను ఎక్స్‌ఛేంజి సామగ్రికి తీగలు చుట్టేవారు తొమ్మిదిమంది, అతికేవారు ముగ్గురు, తనిఖీదారులు ఇద్దరు. ఈసారి సదుపాయాలూ లేవు, ప్రయోగమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చూడటమే. చూడగా తేలిందేమిటంటే, ఆ మనుషులు తమ మధ్య ఒక రాజ్యాంగం రాసుకున్నారు. రోజుకు రెండు సామానులకు మించి చెయ్యరాదు. మించి చేసినవాడు రేటు చెడగొట్టేవాడు. బాగా తక్కువ చేసినవాడు తోటివాళ్ళ కష్టం తినేవాడు. తోటివాడి గురించి పైకి చెప్పినవాడు చాడీకోరు. తనిఖీదారు తన హోదా చూపించకూడదు. కట్టు తప్పినవాడికి దండమీద ఒక్క గుద్దు. తిరిగి గుద్దే హక్కు అతనికీ ఉంది. ఎక్కువ చేసిన రోజు కొంత దాచి, తక్కువ చేసిన రోజు లెక్కలో చూపించేవారు. కంపెనీ నిషేధించిన పనులు రెండు నిత్యమూ చేసేవారు: విసుగు పుట్టినప్పుడు తీగలు చుట్టేవాడూ అతికేవాడూ పని మార్చుకోవడం, వెనకబడ్డవాడికి సాయం పట్టడం.

ఎందుకిలా అని అడిగితే వాళ్ళు చెప్పిన సమాధానం తేటగా ఉంది. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారు, లేకపోతే మాలో కొందరిని తీసేస్తారు. గ్రంథకర్తలు దీన్ని పరిశీలించి, ఈ భయానికి వీళ్ళ సొంత అనుభవంలో ఆధారం కనిపించలేదనీ, ఇది తర్కం కాదు, గుంపు భావావేశం అనీ తేల్చారు. వాళ్ళు ఈ మాట రాస్తున్నది ఏ రోజుల గురించి? మహామాంద్యం నడుస్తున్న రోజులు. అదే కర్మాగారంలోంచి వేలాదిమందిని ఇంటికి పంపుతున్న రోజులు. ఆ పరిశీలన 1932 మేలో ఆగిపోవడానికి కారణమే గదిలో ఉన్నవాళ్ళకు పని లేకపోవడం! గదిలోని మనుషుల తర్కం నిజమై గదిని మూయించింది. గది మూయించిన సంగతి రాసిన చేత్తోనే వాళ్ళది తర్కం కాదని రాశారు.

ఇప్పుడు నేను ఇంతసేపూ చెప్పదలచుకున్న మాటకు వచ్చాను. ఆ గదిలో ఒక చిన్న పైఅధికారి ఉన్నాడు, జట్టు నాయకుడు. కంపెనీ మనిషి. కంపెనీ నియమాలు అమలుజరపడం అతని ఉద్యోగం. పని మార్చుకోవడం అతనికి తెలుసు. సాయం పట్టడం తెలుసు. లెక్కలు సర్దుతున్నారని కూడా తెలుసు. తెలిసి ఊరుకున్నాడు. అతని పైవాడు గదిలోకి వచ్చినప్పుడు మనుషులు సర్దుకునేవారు, ఇతను ఒక్కడే ఉన్నప్పుడు తమ ధోరణిలో తాము ఉండేవారు. ఇతను తమమీద నేరం చెప్పడని వాళ్ళ నమ్మకం. వీళ్ళు తనను అల్లరిపాలు చెయ్యరని, రోజుకు రావలసిన పని రానిస్తారని అతని నమ్మకం. ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరు కాపాడారు.

పరస్పర విశ్వాసం అంటే ఇది కాదా? ఆరువందల పేజీల పుస్తకంలో పైఅధికారికీ జట్టుకూ మధ్య రెండువైపులా సమానంగా ఉన్న విశ్వాసం నాకు కనిపించిన చోటు ఇదొక్కటే. రిలే గదిలో నమ్మకాన్ని పైనుంచి ఇచ్చారు, మాట్లాడిన ఇద్దరినుంచి తిరిగి తీసుకున్నారు. ఇక్కడ ఎవరూ ఇవ్వలేదు. పద్నాలుగుమంది ఒకరినొకరు నమ్మగలిగారు గనక, వాళ్ళ మాట కాదంటే తన పని నడవదని గ్రహించి, ఆ చిన్న అధికారి వాళ్ళను నమ్మాడు. మరి పుస్తకం ఏమంటుంది? మొదటి గది విజయం, మూడో గది సమస్య. ఉత్పత్తి పెంచిన విశ్వాసానికి సహకారమని పేరు, ఉద్యోగం నిలుపుకునే విశ్వాసానికి నిరోధమని పేరు. మనుషుల సంబంధాలను కొలవడానికి వచ్చినవారి చేతిలో చివరికి మిగిలిన కొలబద్ద రిలేల లెక్కే.

ఇక్కడిదాకా రావడం మనవాళ్ళకు సులువు. ఇక్కడ ఆగి చంకలు కొట్టుకోవడం ఇంకా సులువు. పెట్టుబడిదారీ విధానంలో విశ్వాసమనేది మోసం, ఆస్తి సమాజపరమైననాడు సమస్యే ఉండదు అని మన సభల్లో ఎన్నిసార్లు విన్నాం! సమస్య లేకుండా పోలేదు. 1935 ఆగస్టులో దొనెత్స్ ప్రాంతపు గనిలో స్తఖానోవ్ ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడు. అతని వెనకాల దుంగలు నిలబెట్టిన ఇద్దరి కష్టం ఆ లెక్కలో చేరలేదు. మరుసటి ఏడే అనేక పరిశ్రమల్లో పని ప్రమాణాలు పెంచారు. హాథార్న్ గదిలో తీగలు చుట్టేవాళ్ళు దేనికి భయపడ్డారో అది అక్కడ యజమాని లేకుండానే జరిగింది. సణిగినవాళ్ళకు విద్రోహులని పేరు పడింది. అమెరికా పండితుడు దాన్ని భావావేశమన్నాడు. అక్కడి అధికారి నేరమన్నాడు. ఆ కార్మికుడి మాట తప్పు కావచ్చునేమో గాని వినదగిన మాట అని ఎవరూ అనలేదు. ఈ సంగతి ఒప్పుకోకుండా మేయోను విమర్శించే హక్కు మనకు లేదు.

ఇంగ్లండులో బొగ్గుగనులు 1947 జనవరి 1న జాతీయమయ్యాయి. గని ప్రజలదయింది. గనిలో మనిషి మాత్రం మేనేజరు మాట వినే మనిషిగానే మిగిలాడు. టావిస్టాక్ సంస్థకు చెందిన ట్రిస్ట్, తాను స్వయంగా గనిలో పనిచేసి వచ్చిన బామ్‌ఫర్త్ కలిసి 1951లో ఒక వ్యాసం రాశారు. పూర్వం ఇద్దరు ముగ్గురు స్నేహితులు జట్టుకట్టి, తమకు తామే జట్టు ఎన్నుకుని, ఒక ముఖంలో బొగ్గు కొట్టేవారు. జట్టులో ఒకడు గాయపడితే ఇంకొకడు అతని ఇంటిని చూసేవాడు. యంత్రాలు వచ్చాక పని ముక్కలైంది. ఒక షిఫ్టువాడు కోత, ఇంకొక షిఫ్టువాడు ఎత్తుడు, మూడోవాడు సర్దుడు. ఒకరి తప్పు ఒకరిమీద పడేది. చీకట్లో ఒకరిమీద ఒకరికి అనుమానం పెరిగింది. అనుమానంతోపాటు జబ్బులూ గైర్హాజరూ పెరిగాయి.

తరువాత డర్హం ప్రాంతంలో కొన్ని గనుల్లో వేరే పద్ధతి నడిచింది. యంత్రాలు అవే. జట్టులో 40 మంది. ఎవరిని చేర్చుకోవాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఎవరు ఏ షిఫ్టులో ఏ పని చెయ్యాలో వాళ్ళే వంతులు వేసుకున్నారు. కూలి మొత్తం జట్టుకు ఒకే చీటీ, పంపకం సమానం. ఆ రేటు మేనేజరు దయ కాదు, బేరంచేసి కుదుర్చుకున్న ఒప్పందం. అక్కడ ఉత్పత్తి ఎక్కువ, గైర్హాజరు పాత పద్ధతిలో ఉన్నదానిలో సగానికి లోపే. 1963లో ట్రిస్ట్ బృందం ఈ వివరాలన్నీ పుస్తకంగా తెచ్చింది. జాతీయ బొగ్గు బోర్డు ఆ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేయడానికి ఉత్సాహం చూపలేదు. దేశం సొత్తయిన పరిశ్రమలో కూడా, తమ పని తామే ఏర్పాటు చేసుకునే జట్టు అంటే పైవాళ్ళకు గుబులే.

మన దేశంలో ఇలాంటిది 1953లో అహమ్మదాబాదు కాలికో మిల్లులో జరిగింది. అదే టావిస్టాక్ నుంచి వచ్చిన రైస్, మగ్గాల షెడ్డులో విడివిడి పనుల బదులు జట్లుగా పనిచెయ్యడం గురించి సూచించగా, నేతగాళ్ళే ఆ ఊహను అందిపుచ్చుకుని జట్లు ఏర్పరచుకున్నారు. 1970లో మిల్లర్ వెళ్ళి చూసేసరికి ఒక షెడ్డులో ఆ పద్ధతి నిలిచి ఉంది, మిగతాచోట్ల కరిగిపోయింది. కొన్నేళ్ళకు మిల్లే మూతపడింది.

ఈనాటి మాట చెప్పకుండా విడిచిపెడితే, చచ్చినవాళ్ళతో యుద్ధం చేస్తున్నానని మా విద్యార్థులు నవ్వుతారు. 1999లో ఎడ్మండ్‌సన్ అనే హార్వర్డు పరిశోధకురాలు జట్లలో "మానసిక భద్రత" గురించి పేరుపొందిన వ్యాసం రాసింది. తప్పు ఒప్పుకున్నా, ప్రశ్న అడిగినా అవమానం జరగదన్న ధైర్యం అని దాని అర్థం. అంతకుముందు ఆమె ఆసుపత్రి జట్లలో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి నాయకత్వం ఉన్న జట్లలో పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. పొరపాట్లు ఎక్కువ జరిగి కాదు, చెప్పుకోవడానికి భయం లేక. ఇది చిన్న విషయం కాదు, రోగి ప్రాణానికి సంబంధించిన విషయం. మేయోకన్నా ఈమె ఎంతో దూరం వచ్చిందని ఒప్పుకోవాలి. గూగుల్ కంపెనీ 2012లో మొదలుపెట్టి తన 180 జట్లను పరీక్షించి, మంచి జట్టుకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ భద్రతే అని ప్రకటించింది. 2023 జనవరిలో అదే కంపెనీ 12 వేలమందిని తీసివేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో చాలామందికి ఆ సంగతి తెల్లవారి ఈమెయిలు ద్వారా తెలిసింది. ప్రశ్న అడిగితే నవ్వరు అన్నది భద్రతే. రేపు ఆ కుర్చీ ఉంటుందన్నది ఆ భద్రతలో చేరి లేదు. జట్టు లోపల ఎంత నమ్మకమైనా ఉండవచ్చు, జట్టు ఉండాలా వద్దా అన్నది ఆ నమ్మకానికి అందని గదిలో తేలుతుంది.

నా దగ్గర చదువుకున్న ఒకతను మాదాపురంలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. మొన్న పండక్కి ఊరొచ్చి మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ ఆఫీసులో మనస్సు బాగాలేనివాళ్ళకు ఫోనులో సలహా చెప్పే ఏర్పాటు ఉందట, ప్రాణాయామం నేర్పే తరగతి ఉందట, వారానికొకసారి మేనేజరు ఒక్కొక్కరినే పిలిచి దాపరికం లేకుండా మాట్లాడమంటాడట.

"మాట్లాడతావా?" అన్నాను.

"ఒకసారి మాట్లాడానండి, మాస్టారూ. రాత్రి పని ఎక్కువైందని చెప్పాను. చాలా బాగా విన్నాడు. ఏడాది చివర నాకు తక్కువ గ్రేడు వచ్చింది. ప్రతి జట్టులోనూ కొందరికి తక్కువ గ్రేడు ఇచ్చి తీరాలట. ఎవరికివ్వాలో ఆయన చెయ్యాలి, ఎంతమందికివ్వాలో ఆయన చేతిలో లేదు."

"మేనేజరు చెడ్డవాడా?"

"అబ్బే, లేదండి. మంచివాడే. ఆయనకూ గ్రేడు ఉంటుందిగా!"

మళ్ళీ తనే కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. ఇప్పుడు జట్టులో ఏడుగురూ ఒక మాట మీద ఉన్నారట. వచ్చిన పని త్వరగా అయిపోయినా లెక్కలో మామూలుగానే చూపిస్తారు. ఒకరికి ఇంట్లో జబ్బు చేస్తే ఆ పని మిగతావాళ్ళు పంచుకుంటారు, పేరు మాత్రం అతనిదే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లవాడు మొదటి వారం అర్ధరాత్రి దాకా కూర్చుని అందరినీ మించి పని చూపించాడట. టీ తాగే వేళ నలుగురూ అతన్ని పక్కకు పిలిచి మాట్లాడారట.

"దండమీద గుద్దారా?" అన్నాను.

నేనెందుకు అడిగానో అతనికి అర్థం కాలేదు. హాథార్న్ మూడో గది కథ చెప్పాను. అతను కామర్సు విద్యార్థి. ఆ పాఠం చదివాడు, పరీక్ష రాశాడు, మార్కులు తెచ్చుకున్నాడు. పద్నాలుగుమంది సంగతి మాత్రం వినలేదన్నాడు. శ్రద్ధగా విని, చివరకు, "ఆ జట్టు నాయకుణ్ణి తరువాత ఏం చేశారండీ?" అని అడిగాడు.

వాళ్ళ మేనేజరుకు ఈ లెక్కలు తెలుసునా అని నేను ఎదురు అడిగాను.

"తెలుసనుకుంటానండి," అన్నాడు. "ఇంతవరకు ఏమీ అనలేదు."